మా ఇంటి తొట్టి

ముక్కు మూసుకోకండి, సెప్టిక్ ట్యాంకును గూర్చి వ్రాస్తున్నాను. డెంకణికోటలో మా ఇంట రెండు మూడేండ్లకొకమారు దానిని తోడించవలె. లేకుంటే అడుగున పేరుకొన్న మడ్డి ఇంకుడుగుంతలోకి పోయి దానిని పూడ్చివేస్తుంది.

ఈమారు పెదనాన్న, “లారీ ఎందుకురా? ఒక మనిషిని దింపితే చవక గదా” అన్నారు. ఆ చవక నాకు పడలేదు. తొట్టిలోని హైడ్రోజన్ సల్ఫైడు ముదిరితే ముక్కుకు వాసనైనా తగలదు. దిగినవాడు కేక వేయకముందే కూలిపోతాడు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం కూడాను. మనిషిచేత మలం ఎత్తించే ఆచారంపై పోరాడి 2016లో మెగసెసే బహుమానం అందుకొన్న బెజవాడ విల్సన్, కోలారు బంగారు గనుల్లో పుట్టిన తెలుగువాడే.

“మనిషిని దింపేదైతే తొట్టి పొంగనీ, పెదనాన్నా” అన్నాను.

మరునాడు లారీ వచ్చింది. గొట్టం మడ్డిని లాగుతుంటే పెదనాన్న దూరంగా కుర్చీ వేసుకొని చూస్తూ కూర్చున్నారు.