తొలి పిస్టల్, కొద్దిపాటి సొమ్ము

నారాయణఖేడ్ వంటి పట్టణంలో పిస్టల్ అనగానే ఆత్మరక్షణ ఆయుధమే తలపుకు వచ్చినా, 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం దానికి లైసెన్సు తప్పనిసరి కనుక, తక్కువ సొమ్ముతో గురి నేర్వదలచినవారికి దగ్గరి దారి ఎయిర్ పిస్టల్, అనగా మందుగుండు లేకుండా గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును వదిలే క్రీడా పరికరం. స్ప్రింగు రకం చవకే. అయితే గుండు గొట్టం దాటకముందే స్ప్రింగు కుదుపు చేతిని కదిలిస్తుంది, పది మీటర్ల అవతల పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే కావడంతో ఆ కుదుపు పాయింట్లను మింగేస్తుంది. ముందే నింపిన గాలితో పనిచేసే పీసీపీ రకంలో ఈ బాధ తక్కువైనా, పంపు, గుళ్ల డబ్బాలు, చేతికి అమరే పిడి (ఎడమచేతివాటానికి ఇది వేరు) ధరలో కలవవన్న సంగతి కొన్నాకగానీ తెలియదు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచిన హైదరాబాదు షూటర్ ఈషా సింగ్‌ను చూసి పిల్లలకు వెంటనే కొనిపెట్టడంకన్నా, కొన్ని నెలలు రేంజిలోని పిస్టల్‌తోనే సాధన చేయించడం మేలు. వాడినది కొనేవారు గాలి సిలిండర్‌పై చెక్కిన తేదీ చూడాలి. పలువురు యూరప్ తయారీదారులు దానికి పదేళ్ల గడువే ఇస్తారు.