అత్తమ్మ ఏలిముద్ర

నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల బిల్డింగులో మా మేనత్త ఊడ్చే పని చేస్తది. అదే ఊళ్లో మా తాతకు పట్టా భూమి ఉండేది. మొన్న అత్తమ్మ అడిగింది: "ఆడపిల్లలకు భాగం ఉంటదని కోర్టు చెప్పిందంట గద బిడ్డా, మరి నాదేది?"

ఆమె విన్నది నిజమే. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తాత సొంత ఆస్తయితే ఇది ఇంకా పాత మాట. వీలునామా లేకుంటే 1956 చట్టం నుంచే కూతురు కొడుకుతో సమాన వారసురాలు.

కాగితాలు వెతికితే, తాత పోయిన ఏడాదికి రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు దొరికింది. చదివి వినిపించిన. "నా వాటా సొమ్ము పూర్తిగా ముట్టినది. ఇకమీదట నాకు గానీ నా వారసులకు గానీ ఏ హక్కూ లేదు." కింద అత్తమ్మ ఏలిముద్ర. ముట్టింది ఒక చీర, ఐదు వేలు. "పట్టా మార్పిడికి అన్నరు బిడ్డా" అన్నది. రాయించుకున్నది ఎవరో కాదు, మా నాయిన.

వకీలు చెప్పింది మీరూ గుర్తుపెట్టుకోండి. తండ్రి బతికుండగా రాసిన విడుదల మామూలుగా చెల్లదు, ఇంకా చేతికి రాని వారసత్వాన్ని వదులుకోవడం కుదరదు కాబట్టి. కానీ సొమ్ము తీసుకుని రాసిస్తే ఆ మాటే తర్వాత అడ్డం తగలొచ్చని గులాం అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రి పోయాక రాసిన రిజిస్టర్డ్ విడుదల ఇంకా గట్టిది. కొట్టేయించాలంటే మోసమో ఒత్తిడో రుజువు చేయాలి. దావాకు గడువు మోసం తెలిసిన నాటి నుంచి మూడేండ్లు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే ఆ అవార్డు మీద అప్పీలే లేదు. అందుకే, మీ నమ్మకస్తులు చదివి వినిపించనిదే అమ్మతో, అక్కతో సంతకం పెట్టనీయకండి.

నేను చదివి వినిపించిన రోజు నుంచే అత్తమ్మ గడువు నడుస్తున్నదన్నమాట.

1977 చట్టం పట్టుకుని అసైన్డ్ భూముల కోసం ధర్నాలు చేసినోణ్ణి నేను. నా కాలేజీ ఫీజు మాత్రం తాత భూమి అమ్మిన పైసలతో కట్టిండ్రు. అందులో అత్తమ్మ వాటా ఉంది. ఆడోళ్ల ఆస్తి హక్కు ఉన్న హిందూ కోడ్ బిల్లును ఆపినందుకు కూడా బాబాసాహెబ్ 1951లో మంత్రి పదవి వదిలేసిండు. మనం ఆయన ఫోటోకు దండేసి, అక్కచెల్లెళ్ల ఏలిముద్రలు తీసుకుంటున్నం.

నాయినను అడిగిన. "అమ్మిన భూమిని యాడికెళ్లి తేవాలె?" అని లేచి బయటికి పోయిండు. నా జీతంలోంచి నెలనెలా ఇస్తానంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. "నువ్విచ్చేది సాయం బిడ్డా. నాకు భాగం గావాలె."

వచ్చే వారం నాయినకు నోటీసు పోతది. సాక్షిగా నా పేరు రాయమన్న.

జై భీమ్.