స్లో కుక్కర్‌లో రాజ్మా వేసే ముందు

అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో స్లో కుక్కర్ చాలావరకు అల్మరాలోనే ఉండిపోతుంది. ప్రెషర్ కుక్కర్‌కి పోసినన్ని నీళ్లు దీనికీ పోస్తాం, సాయంత్రానికి కూర కాస్తా చారవుతుంది. ఇందులో ఆవిరి పెద్దగా బయటికి పోదు. మటన్‌కి ఉల్లిపాయ, టమాటాలో ఊరే నీళ్లే దాదాపు సరిపోతాయి. అల్లంవెల్లుల్లి ముద్ద మాత్రం ముందే బాణలిలో వేయించాలి, లేకపోతే ఎంతసేపు ఉడికినా ఆ పచ్చివాసన వదలదు.

పప్పులోకి గోంగూరైనా చింతపండైనా చివర్లోనే. పులుపు ముందే పడితే కందిపప్పు మెదగనని మొండికేస్తుంది. పెరుగు ఆఖరి అరగంటలో. మాటిమాటికీ మూత తీయకండి, తీసినప్పుడల్లా వంట 20 నిమిషాలు ఆలస్యం. (మా అత్తయ్యగారితో ఈ మాట అనే ధైర్యం నాకింకా రాలేదు.)

అసలు చెప్పాలనుకున్నది రాజ్మా సంగతి. పచ్చి ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. స్లో కుక్కర్ సన్నని సెగకి అది పోదు. తింటే కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో పొయ్యి మీద తెర్లించాకే కుక్కర్‌లో వేయాలి. 10 నిమిషాలు చాలని కొందరంటారు, అమెరికా ఎఫ్‌డీఏ 30 అంటుంది. నాది 30 పార్టీ. డబ్బా రాజ్మాకి ఈ బాధ లేదు, అవి ఉడికినవే.

పోపు మాత్రం స్లో కుక్కర్ వల్ల కాదు. వడ్డించే ముందు విడిగా పెట్టుకోవాల్సిందే.