గుంటూరునకు మా కాపురము

రాజమహేంద్రవరము విడిచి రైలు గోదావరి వంతెన నెక్కగానే మా అత్తగారు అలవాటు చొప్పున రూపాయి నాణెమును నదిలో విడిచి నమస్కరించిరి. నేనును మనసులోనే మ్రొక్కితిని గాని, నా చేతులు ఒడిలోని కాగితముల సంచిని వదలలేదు. అప్పటికి నాకు అయిదవ నెల. బడులు తెరచునాటికి మా వారికి గుంటూరు బదిలీ తప్పదని తెలిసెను. కాపురము పెట్టుట జూన్ నెలలోనైనను, వైద్యురాలిని వెదకుటకై ఏప్రిల్ నెలలోనే బయలుదేరితిమి.

ఈ తొందరకు కారణము కలదు. తొలికాన్పునకు పుట్టింటికి పోవుట మన ఆచారము. కావున నెలలు నిండువేళ ఊరు మారుట, దానితో వైద్యులు మారుట మనకు క్రొత్తగాదు. నేనును నాడట్లే పోయితిని. చీరలు సర్దుకొంటిని, ఊరగాయ సర్దుకొంటిని. పరీక్షల కాగితములు మాత్రము అత్తవారింట మరచితిని. రాత్రివేళ నొప్పులు వచ్చెను. నాది ఓ నెగటివ్ రక్తమని చెప్పవలెనని నాకు తోచలేదు. కాన్పైన మరునాడు గాని అచ్చటివారికి తెలియలేదు. అబ్బాయిది పాజిటివ్ రక్తము. అట్టి తల్లికి 72 గంటలలోగా యాంటీ-డి సూది వేయవలెను. లేనిచో ఆమె రక్తమున పుట్టు ప్రతికూల పదార్థములు తరువాతి గర్భములోని శిశువునకు చేటు తేవచ్చును. మా నాన్నగారు ఊరూర తిరుగగా మూడవనాటికి ఆ సూది దొరకెను. ఆయన చెమటతో వచ్చి గుమ్మములో కూలబడుట నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది.

బెజవాడ దాటి రైలు కృష్ణమీదికి వచ్చినప్పుడు, 1957లో పూర్తియైన ప్రకాశము బ్యారేజి కానవచ్చెను. పిదప మంగళగిరి, పానకాలస్వామి కొండకు మరల మ్రొక్కులు. గుంటూరున దిగి ఆటో ఎక్కితిమో లేదో, బస్తాల లారీ యొకటి ప్రక్కగా పోయెను. ఆ మిరప ఘాటునకు ముగ్గురమును తుమ్మితిమి. “ఊరు పలకరించినది” అని మా వారు నవ్విరి.

కొత్తపేట వీధులలో ఏ వైపు చూచినను వైద్యుల పేర్ల పలకలే. అమెరికానుండి 1883లో వచ్చిన డాక్టరు అన్నా సారా కుగ్లరు గారు 1898లో స్త్రీలకై ఆసుపత్రి తెరచినది ఈ యూరనే. పేదసాదలకు పెద్ద దిక్కైన ప్రభుత్వ ఆసుపత్రియు, 1946లో స్థాపించిన వైద్య కళాశాలయు ఇచ్చటనే కలవు. ఇన్ని యున్నను ఎంపిక సులభము గాలేదు.

మొదట మిక్కిలి పేరుగల యొకరికడ మూడు గంటలు కూర్చుంటిమి. నా కాగితములు తెరవకయే “చేరినప్పుడు చూతము” అనిరి. రెండవచోట రాత్రులు వైద్యులుండరు. మూడవ ఆమె సంచిలోని కాగితములన్నియు వరుసగా చదివి, “మొదటిసారి సూది ఏ గంటకు వేసిరమ్మా?” అని అడిగిరి. నా మనసు అచ్చటనే కుదుటపడెను. రాత్రివేళ ఎవరుందురో, అవసరమైన రక్తము ఎచ్చటనుండి తెప్పింతురో అడుగగా విసుగుకొనక చెప్పిరి.

ఆమె చెప్పిన మరియొక మాట సోదరీమణులెల్లరు ఎరుగదగినది. నావంటి వారికి 28వ వారమున మరల యాంటీ-డి సూది వేయుదురు. అది సరిగా మేము సామాను కట్టు వారము! సూదికి ముందే కూంబ్స్ పరీక్షకు రక్తము తీయించి, దాని ఫలితమును, సూది వేసిన తేదీని వ్రాయించి తెమ్మనిరి. ఏలయన సూది వేసిన పిదప పరీక్షించినచో, ఆ మందువలన కలిగిన గురుతును చూచి, తెలియని వైద్యులు రోగమని భ్రమపడవచ్చును. రాజమహేంద్రవరములోని మా వైద్యురాలు అట్లే చేసి, తన హస్తాక్షరముతో వ్రాసియిచ్చిరి.

ఇక ఇల్లు. మా వారు బడికి దగ్గరగా చూచిరి. నేను ఆసుపత్రికి దగ్గరగా అడిగితిని. “ఆయన సైకిలు త్రొక్కగలరు, నీవు త్రొక్కలేవు గదా” అని అత్తగారు నా పక్షమున తీర్పు చెప్పిరి.

ఆగస్టు చివర, అర్ధరాత్రి దాటిన పిమ్మట, ఆ యింటినుండి పది నిమిషములలో ఆసుపత్రి చేరితిమి. కాగితముల సంచి మా అత్తగారి చంకనుండెను. అమ్మాయి క్షేమముగా పుట్టెను. సూది ఆనాడే వేసిరి.

ఊరు మారబోవు గర్భవతులగు సోదరీమణులకు నా మనవి యొక్కటే: ముందు వైద్యురాలిని చూచుకొనుడు, పిదప ఇల్లు. సామానులన్నిటికంటె ముందు కాగితములు సర్దుకొనుడు.