సభయు శాసనమును

లోకమందలి క్రైస్తవ సంఘము లన్నియు నొక్క ప్రభుత్వము క్రింద నున్నవని తలంచువారు మా సీమలో కలరు. వస్తుస్థితి వేరు. నల్లగొండ ప్రాంతమున బాప్టిస్టు సంఘములు కలవు. 1962లో ఏర్పడిన తెలుగు బాప్టిస్టు సంఘముల సమావేశము ప్రపంచ క్రైస్తవ సంఘముల మండలిలో సభ్యత్వము గలది. పొరుగున మహబూబ్‌నగరమున కేంద్రముగల మెన్నొనైటు బ్రదరన్ సంఘము అందు చేరలేదు. చేరుట దాస్యము కాదు, చేరకుండుట వెలియు కాదు.

1948లో ఆమ్‌స్టర్‌డామున వెలసిన యీ మండలి మహాసభ యించుమించు ఎనిమిదేండ్ల కొకసారి కూడును. 1961లో అది ఢిల్లీలో కూడెను. మహాసభ యెన్నుకొనిన సుమారు 150 మంది గల కేంద్రసమితి నడుమ కార్యములను నడపును. 2006 మహాసభనుండి చేతులెత్తి లెక్కించుటకంటె ఏకాభిప్రాయ సాధనకే ప్రాధాన్య మొసగిరి. ఐనను మండలి తీర్మానములు సభ్యసంఘములకు శాసనములు కావు. వానియందలి న్యాయమే వాని బలము.

నిర్బంధము లేని యైక్యము దుర్బలమని కొందరందురు. మాకట్లు తోపదు. భయముచే చేసిన మేలు భయము తొలగినతోడనే తొలగును.

2009లో ఈ మండలి ప్రపంచ లూథరను సమాఖ్యతో గూడి దళితుల న్యాయమునకై బ్యాంకాకున సభ జరిపెను. ఆ సభ మాట మన పల్లెకు చేరవలదా? ఒక్క రొట్టెను పంచుకొనువారు కులము పేర పెండ్లిపంక్తిని, శ్మశానమును వేరు చేసికొన్నచో తీర్మానము కాగితమై మిగులును. అధికారము లేని సభకు మనస్సాక్షియే బంట్రోతు. ఆ బంట్రోతు ప్రతి గడపను తట్టవలెను. తలుపు తీయవలసినవారము మనము.