ఇద్దరూ పంతుళ్ళే

జనవరి 3 సావిత్రిబాయి ఫూలే జయంతి. ఆ ఇంట్లో భార్యాభర్తలు ఇద్దరూ పంతుళ్ళే.

1840లో జోతిరావు ఫూలేతో పెండ్లి అయ్యేనాటికి ఆమెకు తొమ్మిదేండ్లు, అక్షరం రాదు. భర్తే చదువు నేర్పిండు. తర్వాత ఆమె టీచర్ ట్రైనింగు కూడా చేసింది. 1848లో పూణేలో ఆడపిల్లల బడి పెట్టిండ్రు. బడికి పోతుంటే కొందరు ఆమె మీద పేడ, మట్టి విసిరేవాళ్ళట. ఆమె సంచిలో ఇంకో చీర పెట్టుకపోయి, బడిలో మార్చుకొని పాఠం చెప్పేది. బడి కోసం ఇద్దరూ ఇల్లు కూడా విడిచిండ్రు. 1855లో కూలీలకు, రైతులకు రాత్రి బడి నడిపిండ్రు.

మా చెల్లె ఇప్పుడు ఐదు చదువుతున్నది. ఆరు వద్దు, మేకల కాడికి పోవాలె అంటున్నడు బాపు. సంక్రాంతి సెలవులల్ల ఇంట్లో ఈ సంగతి చెప్పిన. బాపు ఏమీ అనలేదు. అవ్వ మాత్రం, "ఆయన పెండ్లానికి నేర్పిండు. నాకెవరు నేర్పుతరు?" అన్నది.

ఆ రాత్రే పలక తీసిన. అవ్వకు తన పేరులో రెండక్షరాలు వచ్చినయి. మిగిలినవి చెల్లె నేర్పుతున్నది. జూన్‌లో చెల్లెను ఆరులో చేర్పించేదాకా నేను బాపును అడుగుతనే ఉంటా. మీరు కూడా మీ ఇండ్లల్ల అడగండి.

– 9వ తరగతి విద్యార్థి