కడాయి దిగిన నూనె

తుక్కుగూడ దాటి మంఖాల్ పారిశ్రామికవాడలోకి మళ్లగానే మాడిన బజ్జీల వాసన ముక్కుకు తగిలింది. ఒక చిన్న షెడ్డు ముందు ట్రాలీ ఆటోలోంచి డ్రమ్ములు దించుతున్నారు. హోటళ్లు, మిఠాయి దుకాణాలు వాడి పడేసిన వంటనూనె అది. మూత తీస్తే తారులా నల్లగా ఉంది, అడుగున శనగపిండి మడ్డి.

"మేం కొనకుంటే బండ్లోళ్లు కొంటరు సార్. మల్ల జనం కడుపులకే పోతది" అన్నాడు డ్రమ్ములు దించే పెద్దాయన. నన్ను ఇక్కడికి రప్పించిన భయమూ అదే. పదేపదే కాగిన నూనెలో పోలార్ పదార్థాలు పేరుకుంటాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదన్న నిబంధన 2018 జూలై 1 నుంచి దేశమంతా అమల్లో ఉంది. ఆ నూనెను బయోడీజిల్‌కు మళ్లించే 'రూకో' కార్యక్రమాన్ని ఆహార భద్రతా సంస్థ ఆ ఆగస్టులోనే మొదలుపెట్టింది.

ఈ షెడ్డులో జరిగేదీ ఆ బయోడీజిల్ తయారీయే. లోపల ముందు నూనెను వడకట్టి, కాచి, నీరు ఇగిరిస్తారు. మామూలు పద్ధతిలోనైతే మెథనాల్‌తో పాటు కాస్టిక్ కలిపి 60 డిగ్రీల దాకా వేడిచేస్తారు. తాజా నూనెకు అది చాలు. మాడిన నూనెలో విడిపోయిన కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. కాస్టిక్ తగిలితే అవి సబ్బయి కూర్చుంటాయి, డీజిలూ గ్లిజరినూ సరిగా విడిపోవు. ఇక్కడ ఆదుకునేవి సూక్ష్మజీవులు. కొవ్వును అరిగించుకోవడానికి ఈస్టులు, బూజులు వదిలే లైపేజ్ అనే ఎంజైమ్ 40 డిగ్రీల లోపు వేడిలోనే పని కానిస్తుంది, ఆ విడి ఆమ్లాలను కూడా డీజిల్‌గా మార్చేస్తుంది. ఈ పనికి పేరుపడ్డ లైపేజ్‌లలో ఒకటి అంటార్కిటికాలోని వాండా సరస్సు అడుగు మట్టిలో దొరికిన ఈస్టుది. ఆ మంచునేల జీవికీ మన మిర్చీబజ్జీ నూనెకూ చుట్టరికం కుదిరిందంటే నాకు ఎంత సంబరమో!

"మెథనాల్ ఒక్కసారే పోస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది సార్, విడతలుగా పోయాలి" అంది కెమిస్ట్ అమ్మాయి. కాస్టిక్‌తో గంటా రెండు గంటల్లో ముగిసే పని దీనితో చాలా గంటలు సాగుతుంది. ఎంజైమ్ ఖరీదైనది కనుక సన్నని గుళికలకు పట్టించి, వడకట్టి, మళ్లీ వాడుకుంటారు. 100 కిలోల నూనెకు సుమారు 11 కిలోల మెథనాల్ పడుతుంది. దాదాపు 100 కిలోల బయోడీజిల్, 10 కిలోల పైచిలుకు గ్లిజరిన్ వస్తాయి. గాజుజాడీలో పైన తేరిన పసుపురంగు ద్రవం బయోడీజిల్, కింద చిక్కగా దిగింది గ్లిజరిన్.

2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలన్నది 2018 జాతీయ జీవఇంధన విధానం పెట్టుకున్న లక్ష్యం. దానికి ఎంజైమ్ అడ్డం కాదు, సేకరణే అడ్డమని నాకు గట్టిగా అనిపించింది. పెద్ద హోటల్లో డ్రమ్ము నిండుతుంది. రోడ్డు పక్క బండి దగ్గర మిగిలే రెండు లీటర్ల కోసం ట్రాలీ తిరిగితే కిరాయి కూడా గిట్టదు. రోజూ వీధుల్లో తిరిగే చెత్త ఆటోకే ఒక నూనె డబ్బా కట్టి, బండివాళ్లకు అక్కడికక్కడే డబ్బు ఇవ్వవచ్చు కదా అన్నాను.

"కట్టొచ్చు సార్, మూత మాత్రం బిగువుగా ఉండాలి. వాననీళ్లు కలిస్తే కాచి ఇగిరించలేక చస్తాం" అంది ఆ అమ్మాయి.